పాపకూ నాకూ ఆయనకూ ఒకటే పరీక్ష

మా పాప పుట్టిన తొమ్మిదో రోజు పొద్దున ఎడమ కన్ను తెరవలేదు. రెప్పలు పుసితో అతుక్కుపోయాయి. మా అత్తయ్య నీళ్లు మరగబెట్టి చల్లార్చి, దూది ముంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి ఒక్కసారి తుడిచి పారేశారు. ఇంకో దూది తీసుకుని మళ్లీ తుడిచారు. "పుట్టిన పిల్లలకి ఇది మామూలేనమ్మా. కన్నీటి దారి ఇంకా తెరుచుకోలేదు. నాలుగు రోజుల్లో అదే పోద్ది," అన్నారు.

ఆవిడ మాట నమ్మడానికి కారణం ఉంది. అత్తయ్య రత్నకుమారి గారు ప్రసూతి వార్డులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. రాయపూర్‌లో మేముండే మోవా పేటలో మా వీధివాళ్లకి ఆవిడ ఇప్పటికీ 'సిస్టరే'. తెనాలి వైపు నుంచి మామయ్య రైల్వే ఉద్యోగం మీద రాయపూర్ వచ్చారు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా ఆయన డేవిడ్ ఇక్కడే పుట్టి పెరిగాడు, నయా రాయపూర్‌లో ఒక ఆఫీసులో పని. నా పుట్టిల్లు ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న తిల్దా. మొదటి కాన్పుకి నన్ను తీసుకెళ్తానని మా అమ్మ పట్టుబట్టింది. అత్తయ్య పంపలేదు. "ఇక్కడ నేనుండగా అక్కడికెందుకు?" అన్నారు. అందుకని పాప కళ్ల సంగతి కూడా ఆవిడకే తెలుస్తుందనుకున్నాను. నేను బడిపంతులమ్మను. పిల్లలకి లెక్కలు చెప్పడం తప్ప జబ్బుల గురించి నాకేం తెలుసు.

ఇది 2017 వానాకాలంలో జరిగింది. ఇన్నాళ్లకి రాయడానికి కారణం ఒకటే. ఆ రోజుల్లో ఫోన్‌లో ఈ జబ్బు పేరు కొట్టి వెతికితే భయపెట్టే మాటలే కనిపించాయి. నాలాంటి మామూలు మనిషి ఎవరైనా "నాకూ వచ్చింది, తగ్గిపోయింది" అని రాసి ఉంటే బాగుండేదని ఏడ్చుకున్నాను. అందుకని నేను రాస్తున్నాను.

పన్నెండో రోజుకి రెండు కళ్లూ వాచాయి. కింది రెప్ప కొంచెం లాగితే లోపల ఎర్రగా పుండులా ఉంది. పుసిలో సన్నటి నెత్తుటి చార కనిపించింది. వీధి చివర మందుల షాపులో ఇచ్చిన చుక్కలు ఏమీ చేయలేదు. అత్తయ్య ఇంకో రోజు చూద్దామన్నారు. పెళ్లయ్యాక మొదటిసారి ఆవిడ మాటకి ఎదురు చెప్పాను. పచ్చి బాలింతని, చెవులకి గుడ్డ కట్టుకుని, పాపని చీర కొంగులో చుట్టుకుని వానలో ఆటో ఎక్కాను. ఆవిడ కూడా పక్కన ఎక్కి కూర్చున్నారు.

పిల్లల డాక్టరు నడివయసు ఆవిడ. పాప రెప్పలు చూసి, వీపు మీద చెవిగొట్టం పెట్టి చాలాసేపు విన్నారు. మామూలు కాన్పేనా, దగ్గుతోందా, పాలు బాగా తాగుతోందా అని అడిగారు. సన్నటి పుల్లతో రెప్ప లోపల రాసి గొట్టంలో వేశారు. పాప కెవ్వుమంది. తర్వాత హిందీలో నిదానంగా చెప్పారు. ఇది క్లమీడియా అనే ఇన్ఫెక్షన్ కావచ్చు, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది, కళ్లలో చుక్కలు చాలవు, పద్నాలుగు రోజులు సిరప్ తాగించాలి, లేకపోతే ఊపిరితిత్తులకి పాకొచ్చు. రిపోర్టు కోసం ఆగకుండా మందు ఆ రోజే మొదలుపెట్టమన్నారు. పాప వాంతులు చేసుకుంటే వెంటనే తీసుకురమ్మన్నారు.

ఆఖర్న అన్నారు: "ఆప్ కా ఔర్ పతి కా భీ టెస్ట్ హోగా." నాకూ మా ఆయనకీ కూడా పరీక్ష చేయాలట.

"కడుపుతో ఉన్నప్పుడు అన్ని పరీక్షలూ చేశారు కదా మేడమ్," అన్నాను.

"వాటిలో ఇది ఉండదు. అడిగితే తప్ప చాలాచోట్ల చేయరు. మీకు నొప్పీ మంటా ఏమీ ఉండి ఉండదు. చాలామందికి ఉన్నట్టే తెలియదు."

ఎలా వస్తుందని అడిగాను. ఆడామగా కలయిక వల్ల వస్తుందని, జలుబు గురించి చెప్పినంత తేలిగ్గా చెప్పారావిడ. అత్తయ్య పాప చుట్టూ గుడ్డ సర్దుతూ తల ఎత్తలేదు. ఆ పేరు ఆవిడకి కొత్త కాదని ముఖం చూస్తేనే తెలిసింది.

మర్నాడు పొద్దున స్నానాల గదిలో నా తువ్వాలు వేరే కొక్కేనికి తగిలించి ఉంది. పాపకి సిరప్ పట్టాక అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచారు. స్టవ్ మీద పాలు పెట్టి, నా వైపు చూడకుండా అడిగారు.

"పెళ్లికి ముందు ఎవరైనా ఉన్నారా కరుణా?"

ఉన్నాడు. బిలాస్‌పూర్‌లో బీఎడ్ చదివేటప్పుడు, రెండేళ్లు. పెళ్లి చేసుకుందామన్నాడు, ఉద్యోగం వచ్చాక ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ సంగతి మా అమ్మకి కూడా తెలియదు. అత్తయ్యకి నేను జవాబు చెప్పలేదు. నా మౌనాన్ని ఆవిడ జవాబుగానే తీసుకున్నారు. పాలు దించి ముందు గదిలోకి వెళ్లిపోయారు.

డేవిడ్ పాప కళ్లు తుడుస్తాడు, సిరప్ గుర్తుపెట్టుకుని పడతాడు, గుడ్డలు ఉతుకుతాడు. పరీక్ష అనేసరికి మాత్రం మొండికేశాడు. సగం హిందీ కలిపి మాట్లాడే మనిషి, నొప్పీ మంటా లేకుండా ఊరికే తనకెందుకని వాదన.

"నాకేం తక్లీఫ్ లేదు కరుణా. దర్ద్ లేదు, జలన్ లేదు. ఖాళీపీలీ నాకెందుకు?"

"చాలామందికి తెలియదని డాక్టర్ చెప్పారు."

"ముందు నీ రిపోర్టు రానీ. బాద్ మే చూద్దాం."

అందుకని పద్నాలుగో రోజు ఒక్కదాన్నే ల్యాబ్‌కి వెళ్లాను. పాపకి పాలిచ్చి, మళ్లీ ఆకలి వేళకి తిరిగి రావాలని లెక్క వేసుకుంటూ పోయాను. కౌంటర్ దగ్గర అమ్మాయి చీటీ తీసుకుని, లోపలున్న ఇంకో అమ్మాయికి వినపడేలా పేరు కూడబలుక్కుంటూ చదివింది. "క్ల-మీ-డి-యా. యే బాహర్ జాయేగా క్యా?" ఇది బయటి ల్యాబ్‌కి పంపాలా అని. ఇరవై మంది తలలు నా వైపు తిరిగాయనుకున్నాను. కుర్చీలో కూర్చుని చెప్పుల వైపు చూస్తుంటే పక్కనున్న ముసలావిడ నా మోచెయ్యి తట్టి, అది షుగర్ టెస్టా అని హిందీలో అడిగింది. అక్కడ ఆ పేరుకి అర్థం తెలిసినవాళ్లు ఎవరూ లేరని అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోతున్నది నేనొక్కదాన్నే.

శాంపిల్ తీసే ఆవిడ ఛత్తీస్‌గఢ్ మనిషి, జుట్టు సగం నెరిసింది. నన్ను పడుకోబెట్టలేదు. పుల్ల చేతికిచ్చి, ఎంత లోపలికి పెట్టాలో, ఎన్నిసార్లు తిప్పాలో తన వేలి మీద చూపించి, నువ్వే తీసుకో అంది. బాత్‌రూమ్ గడియ పడటం లేదని తనే బయట తలుపు పట్టుకుని నిలబడింది. నా చేతిలోంచి పుల్ల జారి కింద పడిపోయింది. తలుపు సందులోంచి కొత్తది అందిస్తూ, "ఝన్ డర్రా నోనీ," అంది. భయపడకు తల్లీ అని. బయటికొచ్చాక గొట్టం మీద నా పేరు అంటించి, "ఘర్‌వాలా నై ఆయిస్ కా?" అని అడిగింది. మా ఆయన రాలేదని తల అడ్డంగా ఊపాను. "ఓహూ లా లానబే," అంది. అతన్నీ తీసుకురా అని. చివాట్లు పెట్టినట్టు కాదు, కూరలోకి ఉప్పు తెమ్మన్నట్టు చెప్పింది. ఆ తలుపు అవతల నిలబడ్డ మనిషిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను.

పదిహేడో రోజు సాయంత్రం రిపోర్టులు వచ్చాయి. పాపకి ఉంది. నాకు ఉంది.

డేవిడ్ ఆఫీసు నుంచి వచ్చి కాళ్లు కడుక్కునేదాకా ఆగాను. కాగితాలు చేతికిచ్చి, మంచం మీద కూర్చుని, బిలాస్‌పూర్ సంగతి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. ఏడవకూడదని అనుకున్నాను, ఏడవలేదు. అతను అంతా విని, కాగితాలు మడిచి బల్ల మీద పెట్టి, దుప్పటి తీసుకుని ముందు గదిలోకి వెళ్లాడు. మా ఇంట్లో గోడలు పలచన. అత్తయ్య కూడా విని ఉంటారని తెలుసు. విననీ అనుకున్నాను. పెళ్లయిన మూడేళ్లుగా మోసిన బరువు దిగినట్టుంది, అదే సమయంలో ఇల్లు పోతుందేమోనని భయంగా కూడా ఉంది.

తెల్లారేసరికి పాప దగ్గడం మొదలుపెట్టింది. జ్వరం లేదు. పొడి దగ్గు, ఒకదాని వెనక ఒకటి, ఊపిరి తీసుకోవడానికి మధ్యలో జాగా లేనట్టు. ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. అయిదు నిమిషాల్లో ఆటోలో ఉన్నాం.

డాక్టర్ రెండు రోజులు ఉంచి చూద్దామన్నారు. ఎక్స్‌రే తీయించారు, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడటానికి పాప బుల్లి కాలికి వైరు కట్టారు. తెరమీద అంకె తగ్గితే లేచి నర్సుని పిలిచేదాన్ని, పెరిగితే మళ్లీ కూర్చునేదాన్ని. మర్నాడు మధ్యాహ్నం డాక్టర్ వచ్చి, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి, సిరప్ సరైన టైముకి మొదలుపెట్టాం, అదే కాపాడింది అన్నారు. నేను మంచం కమ్మీ పట్టుకుని కళ్లు మూసుకున్నాను. పన్నెండో రోజున ఇంకో రోజు చూద్దామని ఆగి ఉంటే ఏమయ్యేదో అత్తయ్యకి కూడా తెలుసు. ఆవిడ లేచి డాక్టర్‌కి ఎదురుగా నిలబడ్డారు.

"మేడమ్, ఇది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ టెస్టులో తెలుస్తుందా?"

"తెలియదు. ఎప్పుడొచ్చిందో కూడా తెలియదు. బాధ లేకుండా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉండిపోతుంది. ఇప్పుడు ఉందా లేదా, అంతవరకే."

"మా అబ్బాయి మందు వేసుకోకపోతే?"

"మీ కోడలికి మళ్లీ వస్తుంది."

అత్తయ్య తల ఊపి వరండాలోకి నడిచారు. డేవిడ్ అక్కడ బెంచీ మీద ఉన్నాడు. తలుపు తెరిచే ఉంది, నాకు అంతా వినిపించింది. ఆవిడ గొంతు పెంచలేదు.

"ఒరే డేవిడ్, ముప్పై ఏళ్లు నేను ఆడవాళ్లకే మందులిచ్చి పంపాను. మొగుణ్ణి తీసుకురామ్మా అంటే రాడు సిస్టర్ అనేవాళ్లు. ఆర్నెల్లకి మళ్లీ అదే మనిషి, అదే బాధ. ఆ మొగుళ్లని నేను ఎంత తిట్టుకున్నానో నీకు తెలీదు. ఇప్పుడు నా కొడుకే వాళ్లలో ఒకడు. నేను మాత్రం ఏం తక్కువ చేశాను, ఆ పిల్ల తువ్వాలు వేరే తగిలించాను. నర్సుని అయ్యుండి. లే. రేపు డిశ్చార్జి చేయగానే నేరుగా ల్యాబ్‌కే. నేనూ వస్తా."

బెంచీ కిర్రుమంది, లేచినట్టున్నాడు. తర్వాత, "సరే అమ్మా," అన్న మాట వినిపించింది.

మర్నాడు పాపతో సహా నలుగురం ల్యాబ్‌లో కూర్చున్నాం. ఇక్కడొక తమాషా జరిగింది. డేవిడ్ కంగారులో ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందే బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాడు. శాంపిల్ తీసే ఆవిడ నన్ను గుర్తుపట్టి, అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి, మగవాళ్లకి మూత్రంతోనే పరీక్ష, కానీ గంటైనా ఆగి వచ్చే మొదటి ధార కావాలి, కూర్చో అంది. ఆ గంటే మా కాపురంలో అన్నిటికంటే ముఖ్యమైన గంట అయింది.

హాలు కిటకిటలాడుతోంది. చుట్టూ అంతా హిందీ. ఈ ఊళ్లో తెలుగువాళ్లకి ఒక సౌకర్యం ఉంది, బజారులోనైనా బస్సులోనైనా ఇంటి గుట్టు గట్టిగా మాట్లాడుకోవచ్చు. డేవిడ్ మామూలు గొంతుతోనే మొదలుపెట్టాడు.

"మొన్న నువ్వు చెప్పినప్పుడు నాకు గుస్సా రాలేదు కరుణా. డర్ లగా, భయమేసింది. ఎందుకంటే నేనూ చెప్పాలి."

నాగపూర్‌లో కోచింగ్‌కి ఉన్నప్పుడు ఒకామెతో ఎనిమిది నెలలు ఉన్నాడట. పెళ్లికి ముందే అయిపోయింది. నాకు చెప్పాలని మా పెళ్లి కుదిరిన రోజు నుంచీ అనుకుంటున్నాడట. "నీ నుంచి వచ్చిందో నా నుంచి వచ్చిందో తెలీదు. తెలిసినా ఏం చేస్తాం. పాపకి మనిద్దరం ఇచ్చాం, అంతే," అన్నాడు.

"అంతే," అన్నాను. అత్తయ్య పాపని భుజాన వేసుకుని గోడ మీద క్యాలెండర్ చదువుతున్నట్టు నటిస్తున్నారు.

ఎదుటి కుర్చీలో తెల్ల లాల్చీ పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. కౌంటర్‌లో పేరు పిలిస్తే లేచి, మా ముందుకొచ్చి ఆగారు.

"మాది పలాస కాడ బాబూ. నలభై ఏళ్లయిపోనాది ఈ ఊరొచ్చి. మీ మాటలన్నీ ఇనబడిపోనాయి, ఏటనుకోకండి. అందరూ కలిసొచ్చారు, అదే సాలు. తగ్గిపోద్ది." పాప తల మీద చెయ్యి పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

డేవిడ్ రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. పక్క నుంచి చిన్న చప్పుడు వినిపించి చూస్తే అత్తయ్య భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. పాపకి జబ్బు చేశాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నాకూ ఆగలేదు. డేవిడ్ కూడా వేళ్ల సందులోంచి నవ్వాడు. జనం మమ్మల్ని వింతగా చూశారు. గంట గడిచిందని శాంపిల్ ఆవిడ వచ్చి పిలిచేదాకా నవ్వుతూనే ఉన్నాం.

అతని రిపోర్టు కోసం ఆగకుండానే డాక్టర్ ఇద్దరికీ మందులు రాశారు. నాకు పాలిస్తున్న తల్లికి పనికొచ్చేవి, అతనికి వేరేవి. రిపోర్టులో అతనికీ ఉందని వచ్చింది. ఆ మాట విని ఎవరం ఉలిక్కిపడలేదు. మందులు వేసుకోవడం అయిపోయింది కదా అని డేవిడ్ కాగితం ఫైల్లో పెట్టేశాడు. నెల నిండేసరికి పాప కళ్లు తేటగా ఉన్నాయి, దగ్గు పోయింది. నల్లటి గుడ్లు తిప్పుతూ ఫ్యాను వంక చూసేది.

ఒకరోజు పాపకి నూనె రాస్తూ అత్తయ్య, "ఆ రోజు నేనా మాట అడగకుండా ఉండాల్సింది కరుణా. డాక్టర్ అడగలేదు, నేనెవర్ని అడగడానికి," అన్నారు.

"మీరు అడక్కపోతే ఈ జన్మకి నేను చెప్పేదాన్ని కాదేమో అత్తయ్యా," అన్నాను. అది నిజం.

మూడు నెలలకి, మళ్లీ వచ్చిందేమో చూడటానికి ఇంకోసారి పరీక్ష. ఈసారి కౌంటర్‌లో నేనే పేరు గట్టిగా చెప్పాను. రిపోర్టు ఫోన్‌కి వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. ఇద్దరికీ లేదు. బోర్డు వైపు తిరిగి, పిల్లలు చూడకుండా కళ్లు తుడుచుకుని, ఆ రోజు ఎవరికీ హోంవర్కు ఇవ్వలేదు. సాయంత్రం డేవిడ్ బిర్యానీ పొట్లాలు తెచ్చాడు. అత్తయ్య భోజనానికి ముందు చేసే ప్రార్థన ఎప్పుడూ రెండు ముక్కలు, ఆ రోజు బిర్యానీ చల్లారిపోయింది.

నవంబరులో మా చర్చి స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగింది. పదిహేను మంది దాకా తెలుగువాళ్లు. పాట అయ్యాక అత్తయ్య లేచి, కడుపుతో ఉన్నవాళ్లు ఈ పరీక్ష గురించి కూడా డాక్టర్‌ని అడగండి, మందుంది, తగ్గిపోద్ది, మొగుడితో కలిసి చేయించుకోండి అని చెప్పారు. వెనక నుంచి ఒకావిడ అడిగింది.

"మంచి ఇళ్లల్లో కూడా వస్తాయా సిస్టర్, అలాంటివి?"

అత్తయ్య నా వైపు చూశారు. నన్ను అడుగుతున్నారని అర్థమైంది. నేనే లేచాను.

"మా ఇంట్లో వచ్చింది ఆంటీ. నాకు, ఆయనకి, పాపకి. తగ్గింది," అన్నాను.

చెప్పాక కూడా కూర్చోలేదు. అత్తయ్య వచ్చి నా పక్కన నిలబడ్డారు. తర్వాత ఒకామె పాపని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. ఇంకొకామె, "అది ఎక్కడ చేస్తారు కరుణా?" అని అడిగింది.

ఆ వారంలోనే ముగ్గురు ఆడవాళ్లని నేను దగ్గరుండి తీసుకెళ్లాను. వాళ్లలో ఒకామెకి అయిదో నెల. ఆమెకి ఉందని తేలింది. ఇది ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేరు రాయను. భార్యాభర్తలిద్దరూ మందులు వేసుకున్నారు, మళ్లీ పరీక్ష చేయించుకున్నారు, లేదని వచ్చింది.

మార్చిలో ఆమెకి బాబు పుట్టాడు. పుట్టిన పది రోజులకి ఆమె భర్త మా అత్తయ్యకి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"సిస్టర్, బాబుని డాక్టర్‌కి చూపించాం. అంతా బాగుందన్నారు. ఏ మందూ అక్కర్లేదట."

"నువ్వు కూడా మందేసుకున్నావు కదా బాబూ, అందుకే. ఆ మాట నలుగురు మగాళ్లకి చెప్పు," అన్నారు అత్తయ్య.

"ఇప్పటికే ఇద్దరికి చెప్పాను సిస్టర్," అన్నాడతను.